వెళ్ళని సందేశం... ఆగిన లావాదేవీ
కాల్ కలుస్తుంది, ఎస్సెమ్మెస్ కదలదు
ఏజెన్సీలో సెల్‌ఫోన్ వినియోగదారుల అవస్థ
కారణాలు చిన్నవే.. నష్టం మాత్రం పెద్దది

పాడేరు: మండల కేంద్రంలో వారపు సంత. మిరియాలు అమ్ముకున్న ఓ గిరిజన కాఫీ రైతు చేతిలో కొత్తగా కొన్న స్మార్ట్‌ఫోన్ ఉన్నది. సరుకు కొన్న వ్యాపారి ఫోన్ ద్వారానే డబ్బు చెల్లిస్తానన్నాడు. కుమార్తె నర్సింగ్ కళాశాల రుసుము కట్టేందుకు ఆ సాయంత్రమే గడువు. పాత ఫోన్ పాడైపోవడంతో యూపీఐ యాప్‌ను కొత్త ఫోన్‌లో మళ్ళీ నమోదు చేసుకోవలసి వచ్చింది. అంకెలు నొక్కాడు, బ్యాంకు పేరు ఎంచుకున్నాడు. 'మీ నంబరును ధ్రువీకరిస్తున్నాం' అన్న వాక్యం దగ్గర తెర ఆగిపోయింది. రెండు నిమిషాల తరువాత 'సందేశం పంపడం విఫలమైంది' అని ఎర్ర అక్షరాలు కనిపించాయి. నాలుగుసార్లు ప్రయత్నించినా అదే సమాధానం. అదే ఫోన్ నుంచి ఇంటికి చేసిన కాల్ మాత్రం నిక్షేపంగా కలిసింది.

ఇది ఒక్క రైతుకు ఎదురైన అనుభవం కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండ మండలాల్లో సెల్‌ఫోన్ రీచార్జి దుకాణం ముందు ఓ గంటసేపు నిలబడితే ఇటువంటి ఫిర్యాదులు చెవిన పడకమానవు. కాల్ వెళుతున్నది కనుక ఫోన్ బాగానే ఉన్నదని వినియోగదారు భావిస్తున్నాడు. సందేశం వెళ్ళలేదు కనుక తప్పు ఫోన్‌దేనని దుకాణదారు అంటున్నాడు. బ్యాంకుకు వెళితే సిమ్ కంపెనీని అడగమంటున్నారు. సిమ్ కంపెనీకి ఫోన్ చేస్తే యాప్ వారిని సంప్రదించమంటున్నారు. ఈ చుట్టూ తిరుగుడులో కూలి పోతున్నది, గడువు దాటిపోతున్నది.

మూలన పడిందనుకున్న సేవే కీలకం

వాట్సాప్ వచ్చిన తరువాత ఎస్సెమ్మెస్ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. పండుగ శుభాకాంక్షలు, పెళ్ళి పిలుపులు, క్షేమ సమాచారాలు అన్నీ అటు మళ్ళిన మాట నిజమే. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు 'మెర్రీ క్రిస్మస్' అంటూ పంపిన రెండు మాటలతో మొదలైన ఈ సేవ నేడు కబుర్లకు కాక గుర్తింపునకు ఆధారంగా మిగిలింది.

బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ గురించి అందరికీ తెలుసు. అది వచ్చే సందేశం. మన ఫోన్ నుంచి వెళ్ళవలసిన సందేశం గురించి తెలిసినవారు తక్కువ. 2016లో ప్రారంభమైన యూపీఐ విధానంలో కొత్త ఫోన్‌ను నమోదు చేసుకునేటప్పుడు యాప్ తనంతట తానే మన సిమ్ నుంచి ఒక సంకేత సందేశాన్ని బ్యాంకు వ్యవస్థకు పంపుతుంది. ఆ సందేశం ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి, ఖాతాకు అనుసంధానమైన నంబరు ఇదేనని, ఆ సిమ్ ఈ ఫోన్‌లోనే ఉన్నదని వ్యవస్థ నిర్ధారించుకుంటుంది. దొంగ వేరే చోట కూర్చుని మన ఖాతాను తన ఫోన్‌లో తెరవకుండా ఉండేందుకు పెట్టిన కాపలా ఇది. కాపలా మంచిదే. అయితే ఆ ఒక్క సందేశం కదలకపోతే ఖాతాదారు తన డబ్బుకు తానే దూరమవుతున్నాడు.

ఇదొక్కటే కాదు. కంపెనీ మారాలనుకునే వినియోగదారు 1900 నంబరుకు 'పోర్ట్' సందేశం పంపితేనే కోడ్ వస్తుంది. ఓటరు గుర్తింపు కార్డు వివరాలకు 1950, రైలు టిక్కెట్ స్థితికి 139, అవాంఛిత వాణిజ్య సందేశాలపై ఫిర్యాదుకు 1909... ఇవన్నీ మన వైపు నుంచి సందేశం బయలుదేరితేనే పనిచేసే సేవలు. ఇంటర్‌నెట్ సరిగా అందని పల్లెకు ఇవే దిక్కు.

సందేశం నడిచే దారి

లోపం ఎక్కడున్నదో తెలియాలంటే సందేశం ఏ దారిన పోతుందో ముందు తెలియాలి. 'పంపు' మీట నొక్కగానే మాటలు నేరుగా అవతలివారి ఫోన్‌కు పోవు. మొదట దగ్గరి టవర్‌కు, అక్కడి నుంచి కంపెనీ వారి సందేశ కేంద్రానికి చేరతాయి. ఆ కేంద్రం తపాలా కార్యాలయం వంటిది. అవతలి ఫోన్ అందుబాటులో ఉంటే వెంటనే అందజేస్తుంది. ఆపి ఉంటే తన వద్ద దాచుకుని మళ్ళీమళ్ళీ ప్రయత్నిస్తుంది. గడువు తీరితే వదిలివేస్తుంది.

కాబట్టి 'వెళ్ళలేదు' అన్నది వేరు, 'చేరలేదు' అన్నది వేరు. మన తెరపై ఎర్ర గుర్తు పడితే సందేశం మన సిమ్ కంపెనీ కేంద్రానికే చేరలేదని అర్థం. లోపం మన ఫోన్‌లోనో, సిమ్‌లోనో, ప్యాక్‌లోనో, టవర్ వద్దనో ఉన్నట్లు. 'పంపబడింది' అని చూపి కూడా అవతల అందకపోతే లోపం చాలావరకు ఆవలి వైపు ఉన్నట్లు. ఈ తేడా గమనించకుండా ఫోన్‌లో ఉన్నవన్నీ తుడిచివేసి ఫొటోలు, నంబర్లు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

సందేశ కేంద్రానికి ఒక నంబరు ఉంటుంది. అది సిమ్ కార్డులోనే నమోదై వస్తుంది. ఏ కారణం చేతనైనా అది చెరిగిపోతే కాల్స్ యథావిధిగా సాగుతాయి, ఎస్సెమ్మెస్ ఒక్కటీ వెళ్ళదు. కాల్ కలిసి, ప్యాక్ ఉండి, ఏ నంబరుకూ సందేశం పోకపోతే తప్పక అనుమానించవలసింది ఈ నంబరునే.

మొదటి ముద్దాయి రీచార్జి ప్యాక్

అత్యధిక సందర్భాల్లో తప్పు ఫోన్‌ది కాదు, ప్యాక్‌ది. 2018 చివరి నుంచి ప్రైవేటు కంపెనీలు కనీస రీచార్జి పద్ధతిని ప్రవేశపెట్టాయి. నంబరు బతికి ఉండాలంటే నెలనెలా కొంత వేయించక తప్పని పరిస్థితి ఏర్పడింది. ఆ కనీస ప్యాక్‌లలో కొన్నింటిలో ఎస్సెమ్మెస్ సదుపాయమే లేకుండా పోయింది. బ్యాంకుకు ఇచ్చిన పాత నంబరును కేవలం ఓటీపీల కోసం తక్కువ ఖర్చుతో నడుపుకుంటున్న పేద కుటుంబాలపైనే ఈ దెబ్బ పడింది. ఓటీపీ వస్తూనే ఉంటుంది కనుక లోపం బయటపడదు. కొత్త ఫోన్ కొన్న రోజున గాని అసలు సంగతి తెలియదు.

అపరిమిత కాల్స్ ప్యాక్‌లలో రోజుకు 100 సందేశాలు ఉచితమని ప్రకటిస్తారు. ఆ లెక్క దాటితే ప్రధాన నిల్వ నుంచి రుసుము పోతుంది. అపరిమిత ప్యాక్ వాడేవారి ప్రధాన నిల్వ చాలావరకు సున్నాయే. 'అన్నీ ఉచితమే కదా' అన్న ధీమాతో టాప్-అప్ ఎవరూ వేయించరు. పైగా కొన్ని పొట్టి నంబర్లకు, విదేశీ నంబర్లకు పంపే సందేశాలు ఉచిత లెక్కలోకి రావు. గల్ఫ్‌లో ఉన్న కొడుకుకు, అమెరికాలో ఉన్న కూతురుకు ఎస్సెమ్మెస్ పోకపోవడానికి కారణం ఇదే. ఐఫోన్‌లో ఐమెసేజ్‌ను మొదటిసారి తెరిచినప్పుడు ఫోన్ తనంతట తానే ఒక విదేశీ నంబరుకు సందేశం పంపుతుంది. నిల్వ లేకపోతే ఆ సేవ మొదలే కాదు.

యూపీఐ నమోదు సందేశానికి ప్యాక్ వర్తించకపోతే పడే ఖర్చు రూపాయిన్నర ప్రాంతంలో ఉంటుంది. 10 రూపాయల టాప్-అప్ వేయిస్తే పన్ను, ఇతర రుసుములు పోను 7 రూపాయల 47 పైసలు నిల్వలో చేరుతున్నాయి. అంటే 10 రూపాయల లోటు వేల రూపాయల లావాదేవీని ఆపివేస్తున్నదన్నమాట.

సిమ్ మార్చారా? ఒక రోజు ఆగాల్సిందే

సిమ్ పోయిందనో, పాతది 4జీకి పనికిరాదనో అదే నంబరుపై కొత్త సిమ్ తీసుకున్నవారికి మరో చిక్కు ఉన్నది. మోసగాళ్ళు బాధితుని పేరిట నకిలీ సిమ్ తీసుకుని ఖాతాలు ఊడ్చివేస్తున్న ఉదంతాల నేపథ్యంలో కేంద్ర టెలికాం శాఖ 2022లో ఒక ఆదేశం ఇచ్చింది. సిమ్ మార్చిన తరువాత 24 గంటల పాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్ రాకపోకలు నిలిపివేయాలన్నది దాని సారాంశం. ఇది లోపం కాదు, భద్రత. ఈ విషయం చెప్పవలసిన సిమ్ విక్రేత చెప్పడం లేదు. వినియోగదారు మాత్రం కొత్త సిమ్ పాడైందనుకుని తిరిగి దుకాణానికి పరుగెడుతున్నాడు. అక్కడ మళ్ళీ సిమ్ మారిస్తే గడియారం మళ్ళీ మొదటికి వస్తుంది.

రుసుము గడువు, విత్తనాల కొనుగోలు, ఆస్పత్రి ప్రయాణం వంటి అవసరాలు దగ్గరలో ఉన్నప్పుడు సిమ్ మార్పిడిని వాయిదా వేసుకోవడమే మేలు. తప్పనిసరైతే చేతిలో కొంత నగదు ఉంచుకుని మార్చుకోవాలి.

రెండు సిమ్‌ల తికమక

ఏజెన్సీలో దాదాపు ప్రతి ఫోన్‌లోనూ రెండు సిమ్‌లు కనిపిస్తాయి. ఊళ్ళో ఒక కంపెనీ సిగ్నల్ ఉంటే సంతలో మరొకటి ఉంటుంది. రెండూ ఉంటే గాని పని జరగదు. కాల్స్‌కు ఒక సిమ్, సందేశాలకు మరొక సిమ్, ఇంటర్‌నెట్‌కు ఇంకొకటి ఎంచుకునే వీలు ఫోన్ సెట్టింగ్స్‌లో ఉన్నది. బ్యాంకుకు ఇచ్చిన నంబరు మొదటి సిమ్‌లో ఉండగా, సందేశాలకు రెండో సిమ్ ఎంపికై ఉంటే సంకేతం వేరే నంబరు నుంచి వెళుతుంది. బ్యాంకు వ్యవస్థ దాన్ని తిరస్కరిస్తుంది. లేదా రెండో సిమ్‌లో ప్యాక్ లేక సందేశం అసలే కదలదు. యాప్ తెరపై రెండు సందర్భాల్లోనూ కనిపించేది దాదాపు ఒకే వాక్యం. సామాన్యుడికి తేడా తెలిసే అవకాశం లేదు.

గీతలున్నా సిగ్నల్ లేనట్లే

కొండ అంచున నిలబడితే తెరపై రెండు గీతలు కనిపిస్తాయి. సందేశం మాత్రం పోదు. దీనికి కారణం ఉన్నది. ఆ గీతలు టవర్ మాట మన ఫోన్‌కు ఎంత గట్టిగా వినిపిస్తున్నదో చెబుతాయి. మన ఫోన్ మాట టవర్‌కు వినిపిస్తున్నదో లేదో చెప్పవు. టవర్ పంపే శక్తితో పోలిస్తే చిన్న బ్యాటరీతో నడిచే ఫోన్ శక్తి చాలా స్వల్పం. మధ్యలో కొండ అడ్డుగా ఉన్నా, బ్యాటరీ ఆదా చేసే అమరిక పనిచేస్తున్నా పరిస్థితి మరింత క్షీణిస్తుంది. అయితే కాల్‌కు ఎడతెగని సంబంధం కావాలి. సందేశానికి రెప్పపాటు చాలు. అందుకే కాల్ తెగిపోయే చోట కూడా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ పోతుంది. ఎత్తయిన, అడ్డులేని చోట ఒక నిమిషం నిలబడి ప్రయత్నించడం మూఢనమ్మకం కాదు.

ముంచింగిపుట్టు వంటి సరిహద్దు మండలాల్లో మరో సమస్య ఉన్నది. ఒడిశా వైపు టవర్ బలంగా ఉంటే ఫోన్ అటు మళ్ళుతుంది. అప్పుడు వినియోగదారు సొంత ఊళ్ళో కూర్చునే రోమింగ్‌లోకి వెళతాడు. ఫోన్‌లో రోమింగ్ ఆపి ఉన్నా, ప్యాక్‌లో ఆ సదుపాయం లేకపోయినా చిక్కే. నెట్‌వర్క్‌ను స్వయంగా ఎంచుకునే అమరికలోకి వెళ్ళి మన సర్కిల్ నెట్‌వర్క్ దొరుకుతుందేమో చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికీ ఒకే టెలికాం సర్కిల్ కనుక భద్రాచలం వైపు వెళ్ళేవారికి ఈ బెడద లేదు.

4జీ మాత్రమే అందే చోట్ల వోల్టీ అమరిక ఆగి ఉంటే కాల్స్‌తో పాటు సందేశాలూ నిలిచిపోయే అవకాశం ఉన్నది. పాత సిమ్ వాడుతున్నవారు అది 4జీకి పనికి వస్తుందో లేదో కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ సేవలను ప్రధానమంత్రి ఒడిశాలోని ఝార్సుగుడలో ప్రారంభించారు. టవర్ కొత్తదైనా చేతిలోని సిమ్ పాతదైతే ఫలితం దక్కదు.

తెలుగులో రాస్తే 70 అక్షరాలే

మాతృభాషలో సందేశం పంపేవారు తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టే సమాచారం 140 బైట్లు. ఇంగ్లిషులో అయితే అది 160 అక్షరాలు. తెలుగులో యూనికోడ్ పద్ధతి వాడతారు కనుక 70 మాత్రమే. అందులోనూ మనం ఒక అక్షరం అనుకున్నది యంత్రం లెక్కలో ఒకటి కాదు. 'స్త్రీ' అన్న మాట కంటికి ఒకే అక్షరం. లెక్కలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిపి ఆరు. 'అక్క' అన్న మాట నాలుగు.

70 దాటగానే సందేశం ముక్కలవుతుంది. ముక్కలను తిరిగి అతికేందుకు కొంత చోటు పోతుంది కనుక ఒక్కో ముక్కలో పట్టేవి 67 మాత్రమే. 150 లెక్కకు వచ్చే తెలుగు సందేశం మూడు ఎస్సెమ్మెస్‌ల కింద జమ అవుతుంది. మూడింటికీ రుసుము పడుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు మూడింటిలో ఒక్కటి ఆగినా మొత్తం విఫలమైనట్లు తెర చూపుతుంది. ఇంగ్లిషు సందేశంలో ఒక్క తెలుగు అక్షరమో, ఒక్క నవ్వు బొమ్మో చేర్చినా మొత్తం సందేశం 70 లెక్కలోకే మారిపోతుంది. ఎస్సెమ్మెస్‌లో తెలుగు వాడవద్దని కాదు. అవసరమైన వేళ పొడవాటి సందేశం ఆగిపోతే రెండు చిన్న సందేశాలుగా విడగొట్టి పంపడం ఉత్తమం.

చాట్ ముసుగులో ఎస్సెమ్మెస్

నేటి ఆండ్రాయిడ్ ఫోన్‌లలోని గూగుల్ మెసేజెస్ యాప్‌లో ఆర్‌సీఎస్ అనే చాట్ సదుపాయం ఉన్నది. అది తెరిచి ఉంటే, అవతలివారికీ ఉంటే, సందేశం ఎస్సెమ్మెస్‌గా కాక ఇంటర్‌నెట్ మీదుగా వెళుతుంది. అవతలివారి డేటా ఆగి ఉంటే అక్కడే నిలిచిపోతుంది. పాత ఫోన్ నుంచి సిమ్ తీసి బటన్ ఫోన్‌లో వేసుకున్నవారికి పంపే సందేశాలు ఇలా గాలిలో ఉండిపోతుంటాయి. ఇటువంటప్పుడు ఆర్‌సీఎస్ అమరికను ఆపివేసినా, విఫలమైన సందేశాన్ని మామూలు ఎస్సెమ్మెస్‌గా పంపమని ఎంచుకున్నా పని జరుగుతుంది. ఐఫోన్‌లో ఐమెసేజ్‌దీ ఇదే కథ.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఎస్సెమ్మెస్‌పై ఆంక్షల చరిత్ర పెద్దదే. వాణిజ్య సందేశాల బెడద భరించలేక ట్రాయ్ 2011 సెప్టెంబరు 27 నుంచి ఒక సిమ్ నుంచి రోజుకు 100 సందేశాలకు మించరాదని పరిమితి విధించింది. అనతికాలంలోనే దాన్ని 200కు పెంచింది. వ్యక్తిగత సందేశాలపై ఇటువంటి పరిమితి భావప్రకటన స్వేచ్ఛకు భంగమంటూ ఢిల్లీ హైకోర్టు 2012 జులైలో తోసిపుచ్చింది. ఆ ఏడాది చివర్లో రోజుకు 100 దాటిన సందేశాలకు కనీసం 50 పైసలు వసూలు చేయాలన్న నిబంధన వచ్చింది. 2020లో అదీ రద్దయింది. నేటి ప్యాక్‌లలో కనిపించే 'రోజుకు 100' అన్న అంకెలో ఆ పాత నిబంధన నీడ కనిపిస్తుంది.

వాణిజ్య సందేశాల కట్టడికి 2018లో కొత్త నిబంధనలు వచ్చాయి. నమోదైన నమూనాకు సరిపోలని సందేశాలను వడపోసే విధానం 2021 మార్చి 8న అమల్లోకి రాగానే బ్యాంకు ఓటీపీలు దేశమంతటా నిలిచిపోయాయి. గగ్గోలు పుట్టడంతో ట్రాయ్ మరుసటి రోజే వడపోతను ఏడు రోజులు వాయిదా వేసింది. నగరాలకు దెబ్బ తగిలితే ఒక్క రోజులో కదలిక వచ్చింది. పల్లెలో రోజూ విఫలమవుతున్న సందేశాలకు అటువంటి గొంతు లేదు.

వినియోగదారుకు మేలు చేసిన ఆదేశాలూ ఉన్నాయి. కనీస ప్యాక్‌లలో ఎస్సెమ్మెస్ లేకపోవడంతో కంపెనీ మారాలనుకున్నవారు 1900కు సందేశం కూడా పంపలేకపోయారు. నచ్చని కంపెనీని వదిలిపోయే దారి ఆ విధంగా మూసుకుపోయింది. ఏ ప్యాక్ ఉన్నదన్న దానితో నిమిత్తం లేకుండా ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ వినియోగదారులందరికీ ఈ సందేశం పంపే వీలు కల్పించాలని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. డేటా అవసరం లేనివారి కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే వర్తించే ప్యాక్‌లు ప్రత్యేకంగా ఉండాలని 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. బటన్ ఫోన్ వాడే వృద్ధులకు, పింఛనుదారులకు ఇది ఊరట. కాకపోతే ఇటువంటి ప్యాక్‌లలో సందేశాలను రోజు లెక్కన కాక మొత్తం గడువుకు ఇన్ని అని ఇస్తున్నారు. ఆ లెక్క చూసుకుని వాడుకోవాలి.

ఒక జిల్లాలో సేవలు 24 గంటలకు మించి స్తంభిస్తే పోస్ట్‌పెయిడ్ వినియోగదారుకు అద్దె తగ్గించాలని, ప్రీపెయిడ్ వినియోగదారుకు గడువు పొడిగించాలని 2024లో వచ్చిన సేవా నాణ్యత నిబంధనలు చెబుతున్నాయి. తమ సేవలు ఎక్కడెక్కడ అందుతున్నాయో చూపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఉంచాలన్న షరతూ అందులో ఉన్నది. మన ఊరు ఆ పటంలో రంగు పూసి ఉండి, నిజానికి సిగ్నల్ లేకపోతే ఫిర్యాదుకు అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

ఇంట్లోనే సరిచూసుకోండి ఇలా..

* ముందుగా ప్యాక్ గడువు, ఎస్సెమ్మెస్ మిగులు, ప్రధాన నిల్వ చూడాలి. నిల్వ లేకపోతే 10 రూపాయల టాప్-అప్ వేయించాలి.
* దగ్గరి బంధువు నంబరుకు 'హలో' అని ఇంగ్లిషులో ఒక చిన్న సందేశం పంపాలి. అది పోయి బ్యాంకు సందేశం పోకపోతే చిక్కు యాప్‌లోనో, సిమ్ ఎంపికలోనో ఉన్నట్లు. అదీ పోకపోతే ప్యాక్, సిగ్నల్, సందేశ కేంద్రం నంబరు చూడాలి.
* విమానం గుర్తు ఉన్న ఏరోప్లేన్ మోడ్ నొక్కి, అర నిమిషం ఆగి తీసివేయాలి. ఫోన్ టవర్‌తో కొత్తగా సంబంధం కలుపుకుంటుంది. ఫలితం లేకపోతే ఫోన్ ఆపి తిరిగి తెరవాలి.
* సిమ్ సెట్టింగ్స్‌లో సందేశాలకు బ్యాంకు నంబరు ఉన్న సిమ్‌నే ఎంచుకోవాలి. నమోదు పూర్తయ్యేవరకు రెండో సిమ్‌ను తాత్కాలికంగా ఆపి ఉంచడం ఇంకా మేలు.
* యూపీఐ యాప్‌కు ఎస్సెమ్మెస్ అనుమతి ఉన్నదో లేదో యాప్‌ల విభాగంలో చూడాలి. ఎస్సెమ్మెస్‌ల కోసం ఫోన్‌లో రెండు మూడు యాప్‌లు ఉంటే ఒక్కదాన్నే ప్రధానంగా ఎంచుకోవాలి.
* నంబరుకు ముందు +91 చేర్చి పంపి చూడాలి. పొట్టి నంబర్లకు మాత్రం చేర్చరాదు.
* సందేశ కేంద్రం నంబరు చెరిగిందన్న అనుమానం ఉంటే కంపెనీ సహాయ కేంద్రాన్ని అడిగి సరైన నంబరు తెలుసుకుని సందేశాల యాప్ సెట్టింగ్స్‌లో నమోదు చేయాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌లలో *#*#4636#*#* నొక్కితే తెరుచుకునే పుటలో ఆ నంబరు కనిపిస్తుంది. అన్ని ఫోన్‌లలో ఇది తెరుచుకోదు.
* సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి పరీక్షించాలి. అక్కడ సందేశం పోతే లోపం ఫోన్‌ది. అక్కడా పోకపోతే సిమ్‌ది లేదా కంపెనీది. దుకాణంలో డబ్బు పెట్టేముందు ఈ ఒక్క పరీక్ష చాలు.
* చివరి మార్గంగా నెట్‌వర్క్ అమరికలను మాత్రమే మొదటి స్థితికి తేవచ్చు. దానివల్ల వైఫై సంకేత పదాలు పోతాయి గాని ఫొటోలు, నంబర్లు పోవు. ఫోన్ మొత్తాన్ని తుడిచివేయవలసిన అవసరం ఇటువంటి లోపాలకు దాదాపుగా రాదు.

యూపీఐ నమోదు విఫలమైనప్పుడు వెంటవెంటనే పదేపదే ప్రయత్నించడం మంచిది కాదు. కొన్ని యాప్‌లు భద్రత దృష్ట్యా కొంతసేపు నమోదునే నిలిపివేస్తాయి. కారణం సరిచేసుకున్న తరువాతే మళ్ళీ ప్రయత్నించాలి.

ఆదుర్దాలో ఉన్నవారిపైనే మోసగాళ్ళ కన్ను

పని ఆగిపోయిన కంగారులో ఇంటర్‌నెట్‌లో 'కస్టమర్ కేర్' అని వెతికి, కనిపించిన మొదటి నంబరుకు ఫోన్ చేసేవారున్నారు. అక్కడ మాట్లాడేది ఎవరో తెలియదు. 'మీ సందేశం మేమే సరిచేస్తాం, నేను పంపిన ఈ కోడ్‌ను ఫలానా నంబరుకు పంపండి' అంటారు. అది మామూలు కోడ్ కాదు. మోసగాడు తన ఫోన్‌లో మన ఖాతాను నమోదు చేసుకునేందుకు మన సిమ్ నుంచి వెళ్ళవలసిన సంకేతం. మనం పంపిన మరుక్షణం అతని ఫోనే మన ఫోన్‌గా బ్యాంకు వ్యవస్థ భావిస్తుంది. నమోదు సందేశాన్ని యాప్ తానే పంపాలి. మనుషులు చెబితే మనం పంపవలసినది ఏదీ లేదు. ఫోన్ తెరను చూపించే యాప్‌లు వేసుకోమన్నా నిరాకరించాలి. మోసం జరిగినట్లు గుర్తిస్తే తక్షణం 1930కి ఫోన్ చేయాలి.

ఎవరిని అడగాలి?

కంపెనీపై ఫిర్యాదుకు అదే సిమ్ నుంచి 198కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు సంఖ్యను తప్పక అడిగి రాసుకోవాలి. ఆ సంఖ్య లేకపోతే ఫిర్యాదు చేయనట్లే. పరిష్కారం రాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు. టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. కనుక నష్టం పెద్దదైతే జిల్లా కమిషన్‌ను ఆశ్రయించే హక్కు ఉన్నది. 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సలహా ఇస్తుంది.

టవర్లతోనే సరిపోదు

మారుమూల గ్రామాలకు సిగ్నల్ అందించేందుకు కేంద్రం ఖర్చు చేయడం లేదని అనలేం. ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో 7,287 గ్రామాలకు 4జీ అందించేందుకు 2021 నవంబరులో 6,466 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2022 జులైలో దేశవ్యాప్తంగా 24,680 గ్రామాల కోసం 26,316 కోట్లతో మరో పథకానికి ఆమోదం తెలిపింది. టవర్లు లేస్తున్నాయి. కానీ టవర్ కింద నిలబడిన మనిషి సందేశం ఎందుకు పోవడం లేదో చెప్పే మనిషి లేడు. లోటు ఇనుములో లేదు, సమాచారంలో ఉన్నది.

యాప్ తెరపై 'విఫలమైంది' అన్న ఒక్క మాట బదులు 'మీ సిమ్‌లో ఎస్సెమ్మెస్ నిల్వ లేదు', 'వేరే సిమ్ ఎంపికై ఉన్నది' అని తెలుగులో చెబితే సగం సమస్య తీరుతుంది. నమోదుకు అవసరమైన ఆ ఒక్క సందేశాన్ని 1900 తరహాలో ప్యాక్‌తో నిమిత్తం లేకుండా అనుమతిస్తే మిగిలిన సగంలో చాలా భాగం తీరుతుంది. కంపెనీ మారే హక్కు కోసం 2021లో ఇచ్చిన వెసులుబాటును సొంత డబ్బు అందుకునే హక్కుకు ఇవ్వకపోవడానికి కారణం కనిపించదు. చెల్లింపుల ధ్రువీకరణ ఎస్సెమ్మెస్ ఓటీపీపైనే ఆధారపడనక్కరలేదంటూ రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో జారీ చేసిన ఆదేశాలు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వెలువడ్డాయి. మార్పు దిశ మంచిదే. అది ఖరీదైన ఫోన్ ఉన్నవారికే పరిమితం కారాదు.

ఇక స్థానికంగా చేయగలిగినదీ ఉన్నది. సిమ్ అమ్మే ప్రతి దుకాణంలో 24 గంటల నిబంధనను తెలుగులో రాసి పెట్టించవచ్చు. బ్యాంకు మిత్రలకు, సచివాలయ సిబ్బందికి రెండు సిమ్‌ల ఎంపిక, ప్యాక్ పరిశీలనపై ఒక పూట శిక్షణ ఇవ్వవచ్చు. సంత రోజున మండల కేంద్రంలో ఒక బల్ల వేసి కూర్చునేందుకు కోట్లు అక్కరలేదు.

సంతలోని ఆ కాఫీ రైతు సమస్య చివరకు పావుగంటలో తేలింది. బ్యాంకుకు ఇచ్చినది పాత నంబరు. దానిలో ఉన్నది కనీస ప్యాక్. సందేశాలకు ఎంపికై ఉన్నది రెండో సిమ్. రీచార్జి దుకాణంలోని కుర్రవాడు 10 రూపాయల టాప్-అప్ వేసి, రెండో సిమ్‌ను ఆపి, మళ్ళీ ప్రయత్నించమన్నాడు. సందేశం వెళ్ళింది, ఖాతా తెరుచుకున్నది, రుసుము గడువులోగా చేరింది. అయితే ఈ పావుగంట పని కోసం ఆయన అంతకుముందు మూడు రోజులు కూలి మానుకుని బ్యాంకు చుట్టూ తిరిగాడు. ఆ మూడు రోజుల కూలి ఎవరి ఖాతాలో రాయాలో కంపెనీలు, బ్యాంకులు, అధికారులు ఆలోచించవలసి ఉన్నది.